ఎత్తు మారే వర్క్‌టేబుల్‌కి చవకలో కౌంటర్ బ్యాలెన్స్: ఏది పెట్టాలి, ఎందుకు

నమస్తే అండి. మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: మొబైల్ రిపేరింగ్ నేర్పే సెంటర్‌కి వర్క్‌టేబుళ్ళు చేయించాలి, వీల్‌చైర్‌లో కూర్చుని పనిచేసేవాళ్ళు, నిలబడి పనిచేసేవాళ్ళు ఇద్దరూ అదే టేబుల్ వాడాలి, ఎత్తు 75 నుంచి 115 సెంటీమీటర్ల దాకా మారాలి, బ్యాచ్ మారినప్పుడల్లా మార్చాలి, కరెంటు వద్దు, మోటార్ ఫ్రేములు కొనే బడ్జెట్ లేదు, అన్నిటికంటే ముఖ్యంగా కూర్చున్న మనిషే ఎవర్నీ పిలవకుండా ఒక చేత్తో మార్చుకోవాలి. దీనికి కౌంటర్ బ్యాలెన్స్‌గా, అంటే టేబుల్ బరువుకి సరితూగి చేతికి భారం తగ్గించేదిగా, గ్యాస్ స్ప్రింగ్ (కారు డిక్కీ మూతని లేపి పట్టే గొట్టం లాంటిది) పెట్టాలా, మామూలు స్ప్రింగ్ పెట్టాలా, బరువు వేలాడదీయాలా అని.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. మీ కేసులో టేబుల్ వెనక కాలమ్ (నిలువు స్తంభం) పక్కన వైర్ రోప్ (ఇనుప తీగల తాడు), గిలకలతో వేలాడే బరువే పెట్టండి. అన్నిటికంటే చవక, ఊళ్ళో వెల్డింగ్ షాపులోనే అయిపోతుంది, ఏళ్ళు గడిచినా దాని బలం తగ్గదు. కానీ బరువు వేలాడదీసినంత మాత్రాన టేబుల్ తేలిగ్గా కదలదు, అది వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి టేబుళ్ళు ఎక్కువగా ఫెయిలయ్యేది బ్యాలెన్స్ దగ్గర కాదు, టేబుల్‌ని ఊగకుండా నిటారుగా నడిపించే గైడ్ దగ్గర.

ఎత్తు మారే దేనికైనా మూడు వేర్వేరు పనులు ఉంటాయి. బరువుని మోయడం ఒకటి, అటూ ఇటూ ఊగకుండా నిటారుగా కదిలేలా పట్టుకోవడం ఒకటి, కావాల్సిన ఎత్తులో కదలకుండా లాక్ చేయడం ఒకటి. చాలామంది ఈ మూడూ ఒకే వస్తువు మీద వేసేస్తారు, గ్యాస్ స్ప్రింగ్ కొనేసి అదే మోస్తుంది అదే ఆపుతుంది అనుకుంటారు, తర్వాత ఎవరైనా మోచేయి ఆనించగానే టేబుల్ కిందికి దిగిపోతుంది. మూడూ విడివిడిగా ఆలోచిస్తే ప్రతిదానికీ చవకైన దారి దొరుకుతుంది.

ముందు బరువు లెక్క. 4 అడుగుల బై 2 అడుగుల 18 మి.మీ. ప్లైవుడ్ సుమారు 8 కేజీలు వస్తుంది, దాని కింద ఫ్రేమ్, క్యారేజ్ (కాలమ్ వెంట పైకీ కిందికీ జరిగే భాగం) కలిపి ఇంకో 8 అనుకోండి, మైక్రోస్కోప్, సోల్డరింగ్ స్టేషన్, హాట్ ఎయిర్ మెషిన్, డీసీ సప్లై అన్నీ కలిపి ఇంకో 12. అంటే ఎప్పుడూ ఉండే బరువు 28 దాకా. దీని మీద మారే బరువు, అంటే ట్రేలు, టూల్ డబ్బాలు, 3 కేజీలకి మించదు అనుకుంటున్నాను. ఈ మారే బరువు ఎంత అన్నదే అసలు ప్రశ్న. 3 కేజీలు కాకుండా 20 కేజీలు మారేట్టయితే నేను కౌంటర్ బ్యాలెన్స్ వద్దనే అంటాను, హ్యాండిల్ తిప్పి లేపే స్క్రూ పెట్టుకోమంటాను, ఎందుకంటే ఏ బ్యాలెన్స్ అయినా ఒక్క బరువుకే సరిపోతుంది.

బిల్డింగుల్లో లిఫ్టులకి ఇదే సమస్య ఉంటుంది, జనం ఎక్కుతారు దిగుతారు. అందుకే లిఫ్ట్ కౌంటర్ వెయిట్‌ని ఖాళీ క్యాబిన్ బరువు ప్లస్ మోయగలిగే లోడ్‌లో 40 నుంచి 50 శాతానికి సెట్ చేస్తారు. మీరూ అంతే చేయండి. 28 ప్లస్ మారే దాంట్లో సగం, అంటే 29.5 కేజీలు వేలాడదీస్తే ట్రే ఉన్నా లేకున్నా తేడా అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర మాత్రమే. చేత్తో మార్చుకోవడానికి ఎంత బలం పెట్టించొచ్చు అంటే, వికలాంగుల సౌకర్యాల గురించి అమెరికాలో ఉన్న ఏడీఏ ప్రమాణాలు హ్యాండిల్స్ లాంటివాటికి 5 పౌండ్లు దాటొద్దంటాయి, అంటే సుమారు 2.3 కేజీలు, అదీ ఒక్క చేత్తో, గట్టిగా పిడికిలి బిగించే పని లేకుండా. మీరు అదే టార్గెట్ పెట్టుకోండి. భుజాలు బలహీనంగా ఉన్నవాళ్ళకి 2 కేజీలకీ 6 కేజీలకీ తేడా ఏంటంటే తనే మార్చుకోవడానికీ పక్కవాణ్ణి పిలవడానికీ ఉన్నంత తేడా.

ఇప్పుడు గైడ్. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. వీల్‌చైర్ లోపలికి రావాలంటే ముందు కాళ్ళు ఉండకూడదు, అందుకని టేబుల్ పలక వెనక కాలమ్ నుంచి ముందుకి చాచినట్టు ఉంటుంది. పలక లోతు 60 సెంటీమీటర్లు, బరువు మధ్యలో పడుతుంది కాబట్టి కాలమ్ నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో 28 కేజీలు కిందికి లాగుతుంటాయి. రోప్ మాత్రం కాలమ్ దగ్గర పైకి లాగుతుంది. ఈ మెలిని మోసేది గైడే. గైడ్ పైన ఒకటి, కింద ఒకటి, మధ్య దూరం 30 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కోదాని మీద పక్కకి 28 కేజీల ఒత్తిడి పడుతుంది. మీరు పైపులో పైపు పెట్టి జారేలా చేశారనుకోండి, ఇనుము మీద ఇనుము రాపిడి గుణకం 0.25 వేసుకున్నా 28 ఇంటూ 0.25 ఇంటూ 2, అంటే 14 కేజీల రాపిడి. బ్యాలెన్స్ గ్రాముల్లో సరిపోయినా మనిషి 14 కేజీలు లాగాల్సిందే. పైగా అంచు పట్టుకుని లాగితే వంకరపడి బిగుసుకుపోతుంది, పాత టేబుల్ సొరుగు ఒక మూల పట్టి లాగితే ఇరుక్కుంటుంది చూడండి, అదే సంగతి. అదే బాల్ బేరింగులతో చేసిన రోలర్లయితే రాపిడి గుణకం 0.02 దగ్గర ఉంటుంది, మొత్తం రాపిడి ఒక కేజీ చిల్లర.

కాబట్టి డబ్బు ఎక్కడైనా మిగల్చండి, గైడ్ దగ్గర మాత్రం వద్దు. ఖరీదైన లీనియర్ రైల్స్ అక్కర్లేదు. మందం గోడ ఉన్న చదరపు పైపు కాలమ్‌గా పెట్టి దాని ముందూ వెనకా 6200 నంబర్ బేరింగులు తిరిగేలా క్యారేజ్ చేయించండి, పక్కలకి కూడా ఒక జత. ఒక వైపు బేరింగుల బోల్టులు కొంచెం జరిగేలా స్లాట్ హోల్స్‌లో ఉంటే తర్వాత సందు సరిచేసుకోవచ్చు. పైపు లోపల వెల్డ్ జాయింట్ ఉన్న వైపు బయట కూడా చిన్న గీత ఉంటుంది, బేరింగ్ ఆ గీత మీద నడవకుండా తిప్పి పెట్టుకోండి. వీలైతే పై కింది రోలర్ల మధ్య దూరం 40కి పెంచండి, ఒత్తిడి ఇంకా తగ్గుతుంది. రెండు కాలమ్‌లు పెడితే రెండింటి క్యారేజ్‌లని గట్టి అడ్డపట్టీతో కలిపెయ్యాలి, లేకపోతే ఒకవైపు ముందు లేచి ఇంకోవైపు ఆగిపోతుంది.

రాపిడి ఎంతుందో తెలుసుకోవడానికి మంచి పద్ధతి ఉంది. కౌంటర్ వెయిట్ తగిలించకముందే టేబుల్ మీద సామాను అంతా పెట్టి, క్యారేజ్‌కి తాడు కట్టి, పైనుంచి వేలాడే డిజిటల్ కాటాతో మెల్లగా పైకి లాగండి, కదులుతున్నప్పుడు రీడింగ్ రాసుకోండి. తర్వాత అలాగే మెల్లగా కిందికి వదులుతూ రీడింగ్ రాసుకోండి. పైకి 31.2, కిందికి 28.8 వచ్చిందనుకోండి, రెండింటి సగటు 30 మీ అసలు బరువు, తేడాలో సగం 1.2 మీ రాపిడి. ఈ తేడాలో సగం 3 దాటితే బరువు సంగతి పక్కన పెట్టి గైడ్ సరిచేయండి. అంచనా బరువులతో కౌంటర్ వెయిట్ పోతపోయించకండి, ఈ రీడింగ్ వచ్చాకే చేయించండి.

ఇక మీరు అడిగిన గ్యాస్ స్ప్రింగ్. చూడ్డానికి నీట్‌గా ఉంటుంది, జాగా తక్కువ, బోల్ట్ వేస్తే అయిపోతుంది, అందుకే అందరికీ ముందు అదే గుర్తొస్తుంది. కానీ లోపల ఉన్నది నైట్రోజన్, రాడ్ లోపలికి వెళ్ళేకొద్దీ ప్రెజర్ పెరుగుతుంది, మామూలు రకాల్లో పూర్తిగా నొక్కినప్పుడు 20 నుంచి 40 శాతం దాకా ఎక్కువ తోస్తుంది. పై చివర 30 కేజీలు తోసేది కింది చివర 39 తోస్తే మధ్యలో సెట్ చేసుకున్నా రెండు చివరలా నాలుగున్నర కేజీల తేడా మిగులుతుంది. దీనికి తోడు వేడి. డిగ్రీకి సుమారు మూడో వంతు శాతం ప్రెజర్ మారుతుంది. జనవరి పొద్దున 15 డిగ్రీలకీ మే మధ్యాహ్నం రేకుల షెడ్డులో 43కీ మధ్య 28 డిగ్రీలు, అంటే 9 శాతం పైనే, 30 కేజీల మీద దాదాపు 3 కేజీలు. సెట్ చేసిన నెలలో బాగుంటుంది, సీజన్ మారగానే కంప్లైంట్ వస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గ్యాస్ కూడా మెల్లగా పోతుంది. ఇవన్నీ తెలిసీ పెట్టాలంటే రాడ్ కిందికి ఉండేలా బిగించండి, లోపలి నూనె సీల్‌ని తడుపుతూ ఉంటుంది, రెండు చివర్లా బాల్ జాయింట్ పెట్టండి, పక్క ఒత్తిడి పడితే సీల్ త్వరగా పోతుంది. ఆటోనగర్‌లో పాత కార్ల డిక్కీ స్ట్రట్లు, అంటే ఈ గ్యాస్ స్ప్రింగులే, చవగ్గా దొరుకుతాయి కానీ వాటి మీద రాసిన నంబర్ చూసుకోండి, 350ఎన్ అని ఉంటే న్యూటన్లు, 10తో భాగిస్తే సుమారు కేజీలు. పాతవాటిలో ఆ నంబర్ అంత బలం మిగిలి ఉండదు కూడా. పనికిరాని స్ట్రట్‌ని మాత్రం ఎవరూ కోయకండి, డ్రిల్ వేయకండి, లోపల ప్రెజర్ ప్రాణం తీసేంత ఉంటుంది.

ఆఫీస్ కుర్చీ గ్యాస్ లిఫ్ట్ గురించి కూడా అడిగారు. అందులో లాక్ కూడా ఉంటుంది కాబట్టి ఆలోచన బాగుంది, కానీ కదిలేది సాధారణంగా 10 నుంచి 14 సెంటీమీటర్లే, మీకు 40 కావాలి. రోగి పక్కన పెట్టే చిన్న ట్రే స్టాండ్ లాంటి వాటికైతే అదే వాడమంటాను.

లాగుడు స్ప్రింగ్ సంగతి లెక్క వేస్తే అర్థమైపోతుంది. స్ప్రింగ్ ఎంత సాగితే అంత బలం పెరుగుతుంది. 40 సెంటీమీటర్ల కదలికలో బలం అటూ ఇటూ 10 శాతం మించి మారకూడదంటే, ఆ 40 సెంటీమీటర్లలో మొత్తం మార్పు 20 శాతం ఉండాలి, అంటే 30 కేజీల బలానికి ఆ స్ప్రింగ్ అప్పటికే 2 మీటర్లు సాగి ఉండాలి. టేబుల్ కింద 2 మీటర్లు సాగదీసిన స్ప్రింగ్ ఎక్కడ పెడతాం. షాపుల రోలింగ్ షట్టర్లకి స్ప్రింగే కదా పెడతారు అని మీ వెల్డర్ అన్నాడని రాశారు. షట్టర్ పైకి చుట్టుకునేకొద్దీ వేలాడే రేకు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, స్ప్రింగ్ బలం కూడా అదే లెక్కన తగ్గుతుంది, అందుకే అక్కడ అంత చక్కగా కుదిరింది. మీ టేబుల్ బరువు పైన ఉన్నా కింద ఉన్నా ఒకటే, అందుకని షట్టర్ స్ప్రింగ్ తెచ్చి పెడితే కింద ఎగిరిపడుతుంది, పైన దిగిపోతుంది.

స్ప్రింగుతో అన్ని పొజిషన్లలో కచ్చితంగా బ్యాలెన్స్ చేసే పద్ధతి ఉంది, 1932లో ఇంగ్లండ్‌లో జార్జ్ కార్వార్డైన్ అనే కారు సస్పెన్షన్ ఇంజనీర్ పేటెంట్ తీసుకున్నాడు, యాంగిల్‌పాయిజ్ అనే మడిచే చేయి ఉన్న టేబుల్ దీపం దాని మీదే వచ్చింది. మోచేయిలా మడిచే చేతికి స్ప్రింగులు సరైన చోట్ల తగిలిస్తే చేయి ఏ కోణంలో ఉన్నా నిలబడిపోతుంది. నాకు చాలా ఇష్టమైన మెకానిజం అది, కానీ చేతులకి, దీపాలకి, కెమెరాలకి కుదిరినంత బాగా నిటారుగా లేచే 30 కేజీల టేబుల్‌కి కుదరదు. మీ మైక్రోస్కోప్ స్క్రీన్‌కి మాత్రం అలాంటి చేయి ఒకటి పెట్టండి, కూర్చున్న ఎత్తుని బట్టి కళ్ళకి దగ్గరగా తెచ్చుకుంటారు.

చాలామందికి తట్టని ఇంకో దారి, ఫ్యాక్టరీల్లో అసెంబ్లీ లైన్ల మీద స్క్రూడ్రైవర్ గన్నులు వేలాడదీసే టూల్ బ్యాలెన్సర్. లోపల గడియారం స్ప్రింగ్ లాంటి చుట్టు స్ప్రింగ్, దాని మీద కోన్ ఆకారం డ్రమ్, స్ప్రింగ్ బిగుసుకునేకొద్దీ రోప్ చుట్టుకునే వ్యాసం మారుతుంది కాబట్టి లాగే బలం దాదాపు ఒకేలా ఉంటుంది. 9 నుంచి 15 కేజీలు, 15 నుంచి 22 కేజీలు ఇలా రేంజుల్లో దొరుకుతాయి, పక్కన స్క్రూ తిప్పితే బలం ఎక్కువా తక్కువా చేసుకోవచ్చు. రెండు కాలమ్‌ల మీద 15 దగ్గర సెట్ చేసిన రెండు పెడితే మీ పని అయిపోతుంది, చక్రాల మీద తోసుకెళ్ళే టేబుల్‌కైతే ఇదే నా మొదటి ఎంపిక, ఎందుకంటే అదనపు బరువు లేదు. ధర మాత్రం వేలాడే ఇనుముకంటే ఎక్కువే. కొనేటప్పుడు బ్యాలెన్సర్ అనే అడగండి, రిట్రాక్టర్ అని దానిలాగే కనిపించేది ఇంకోటి ఉంటుంది, దాంట్లో డ్రమ్ కోన్ కాదు, లాగేకొద్దీ బలం పెరుగుతుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి, స్ప్రింగ్ ఎగిరి కోసేస్తుంది.

స్క్రూ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. 20 మి.మీ. వ్యాసం, 4 మి.మీ. పిచ్ (ఒక చుట్టుకి కదిలే దూరం) ఉన్న ట్రెపిజాయిడల్ స్క్రూకి, అంటే బరువులు లేపడానికి వాడే మందం మరల స్క్రూకి, 30 కేజీలు లెక్కే కాదు, 10 సెంటీమీటర్ల హ్యాండిల్ మీద కేజీ లోపు బలం చాలు, తిప్పడం ఆపితే తనంతట తాను లాక్ అవుతుంది, కౌంటర్ వెయిటే అక్కర్లేదు. కానీ 40 సెంటీమీటర్లకి 100 చుట్లు. రోజంతా ఒకే మనిషి వాడే టేబుల్‌కైతే చక్కగా సరిపోతుంది, అలాంటివి ఒకటి రెండు ఉంటే స్క్రూతోనే చేయించండి. బ్యాచ్ మారినప్పుడల్లా 100 చుట్లు తిప్పమంటే ఎవరూ తిప్పరు, పక్కవాళ్ళ ఎత్తుకే సర్దుకుని మెడ వంచుకుని పనిచేస్తారు, అప్పుడు ఎత్తు మారే టేబుల్ చేసి ఉపయోగం ఏముంది.

ఇక బరువు ఎలా కట్టాలో. 30 కేజీలు అంటే 100 మి.మీ. రౌండ్ బార్ 49 సెంటీమీటర్ల ముక్క, తుక్కు షాపులో తూకం రేటుకి దొరికితే అదే తీసుకోండి. దొరకకపోతే రెండు 4 అంగుళాల పీవీసీ పైపుల్లో కాంక్రీట్ పోసి చెరో 15 కేజీలు చేయొచ్చు, కానీ సాదా కాంక్రీట్ అయితే ఒక్కోటి 73 సెంటీమీటర్లు వస్తుంది, అది నేల నుంచి 5 సెంటీమీటర్ల పైన మొదలై 40 పైకి లేస్తే 118 దగ్గరకి వచ్చేసి మీ గిలకని తాకేస్తుంది. అందుకని ఇనుప రేకులకి రంధ్రాలు కొట్టే ప్రెస్ షాపుల్లో మిగిలే పంచింగ్ తుక్కు, ఆ గుండ్రటి చిన్న బిళ్ళలు, సిమెంట్‌తో కలిపి పోయండి, పొడవు దాదాపు సగానికి తగ్గుతుంది. మధ్యలో పై నుంచి కింది దాకా ఒక రాడ్ పెట్టి అడుగున ప్లేట్, నట్ వెయ్యండి, బరువు ఆ ప్లేట్ మీద కూర్చోవాలి, కాంక్రీట్‌లో గుచ్చిన కొక్కేన్ని నమ్మొద్దు. కోరిన బరువుకంటే ఒక కేజీ తక్కువే పోసి మిగతాది పైన వాషర్లతో సరిచేసుకోండి.

రోప్ 4 మి.మీ. చాలు, తెగే బరువు 800 కేజీల పైనే ఉంటుంది, అయినా రెండు రోపులు పెట్టండి, ఒకటి పోయినా ఇంకోటి మోయాలి. గిలక వ్యాసం రోప్‌కి కనీసం 20 రెట్లు, అంటే 80 మి.మీ., చిన్న గిలక మీద రోప్ తీగలు వంగి వంగి తెగుతాయి. జిమ్ మెషిన్ల స్పేర్లు అమ్మే చోట బేరింగ్ వేసిన నైలాన్ గిలకలు, ప్లాస్టిక్ తొడుగు ఉన్న కేబుల్ దొరుకుతాయి, ఈ పనికి సరిగ్గా సరిపోతాయి, ఆ తొడుగు ఉంటే బట్టలు, చేతులు గీసుకోవు. క్లాంపులు బిగించేటప్పుడు చివర మడిచిన పొట్టి రోప్ మీద యూ బోల్ట్ పడాలి, బరువు మోసే పొడవు రోప్ మీద సాడిల్ (క్లాంప్ అడుగు దిమ్మ) పడాలి, ఒక్కో చివర మూడేసి క్లాంపులు. తిరగేసి బిగిస్తే మోసే రోప్ నలిగి బలం పోతుంది. సగం టేబుళ్ళకి తిరగేసే ఉంటాయి, మీరే వంగి చూసుకోండి.

బరువు ఊగకుండా దానికీ సన్నటి గైడ్, చుట్టూ రేకు డబ్బా, కింద చిన్న కిటికీ తప్పనిసరి. మొబైల్ స్క్రూలు అందులోకి రాలుతూనే ఉంటాయి, ఊడ్చుకోవాలి కదా. వెనక బరువు ఉండటం వల్ల టేబుల్ ముందుకి ఒరగడం కూడా తగ్గుతుంది, అయినా అడుగు పాదాలు ముందుకి 50 సెంటీమీటర్లు చాచండి, రెంటి మధ్య కనీసం 76 సెంటీమీటర్లు ఖాళీ ఉంటే వీల్‌చైర్ లోపలికి దూరుతుంది. పలక కింద మోకాళ్ళకి 27 అంగుళాలు, అంటే 68.5 సెంటీమీటర్లు ఉండాలి, మీ 75లో ప్లైవుడ్, ఫ్రేమ్ మందం పోగా 70 మిగులుతుంది, అడ్డపట్టీ మాత్రం ముందుకి రానివ్వకండి.

లాక్ గురించి రాజీ పడొద్దు. కాలమ్‌కి రెండున్నర సెంటీమీటర్లకి ఒక రంధ్రం, స్ప్రింగ్ తోసే పిన్ దాంట్లో పడాలి, దాని లివర్ టేబుల్ ముందు అంచు కింద చేతికి అందేలా కేబుల్‌తో తేవాలి, సైకిల్ బ్రేక్ లివర్, బ్రేక్ వైర్ చాలు. ఆ పిన్ రోపులు రెండూ తెగినా మొత్తం బరువు, దాని మీద ఆనుకున్న మనిషి బరువు కూడా మోయాలి, అందుకే 10 మి.మీ.కి తగ్గకుండా పెట్టండి. నాకు ఎక్కువ భయం కిందికి పడటం గురించి కాదు, పైకి ఎగరడం గురించి. 12 కేజీల సామాను సర్వీసుకని తీసేసి ఎవరో లివర్ నొక్కారనుకోండి, వెనక 30 కేజీలు 12 కేజీల మిగులుతో కిందికి పడతాయి, పలక అంత వేగంగా కూర్చున్న మనిషి గడ్డం వైపు లేస్తుంది. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళు వెంటనే వెనక్కి జరగలేరు. అందుకని బరువైన మెషిన్లని పలకకి బోల్టులతో బిగించండి, పై చివర మందం రబ్బర్ స్టాపర్ పెట్టండి, సర్వీసు టైంలో కౌంటర్ వెయిట్‌ని డబ్బాకే లాక్ చేసే అడ్డ బోల్ట్ ఒకటి పెట్టి దానికి ఎర్ర రంగు వేయండి.

ముందు ఒక్క టేబుల్ చేయించండి, రోపులు విప్పేసి పిన్ మీదే నిలబెట్టి ఇద్దరు మనుషులు అంచు మీద ఆనుకుని చూడండి, తర్వాత అక్కడ నేర్చుకుంటున్న వీల్‌చైర్ వాళ్ళనే పిలిచి కొన్ని రోజులు వాడించి, లివర్ ఎక్కడుంటే బాగుంటుందో వాళ్ళనే అడగండి. కాటా రీడింగులు రెండూ, కాలమ్ పైపు సైజు, రోలర్ల మధ్య దూరం పంపితే మిగతా టేబుళ్ళకి బరువు ఎంత పోయాలో నేను లెక్క వేసి చెప్తాను.